పోర్న్ పరిశ్రమను సంస్థాగత పరిశోధనకు ఎంచుకోవచ్చా? కళంకం అంటిన రంగాలపై పనిచేసిన అనుభవంతో ఒక సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు మేనేజ్‌మెంట్ విభాగంలో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నారు. పోర్న్ చిత్రాలు తీసే కంపెనీలనూ, వాటిని పంపిణీ చేసే కంపెనీలనూ మిగతా కంపెనీల్లాగే సంస్థలుగా అధ్యయనం చేయాలనుకుంటున్నారు. మీ గైడ్ కాదనలేదు గాని, ఔననడానికి వెనకాడుతున్నారు. ఇది పరిశోధనకు తగిన అంశమేనా, లోపలివాళ్లు నోరు విప్పుతారా, రేపు ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తే ఈ థీసిస్ అడ్డొస్తుందా, ఇంట్లో ఏమని చెప్పుకోవాలి అన్నవి మీ సందేహాలు. నేను పదిహేనేళ్లుగా సమాజం ముఖం తిప్పుకునే వ్యాపారాల మీదే పనిచేస్తున్నాను. అందులో దాదాపు ఆరేళ్లు అడల్ట్ వెబ్‌సైట్లకు కార్డు చెల్లింపులు నడిపించే కంపెనీల మీద గడిచాయి. ఆ అనుభవం మేరకు చెబుతాను.

తగిన అంశమే. అయితే మీరు రాసుకున్న పరిశోధన ప్రశ్న, అంటే "ఇంత కళంకం ఉన్నా పోర్న్ కంపెనీలు ఎలా నిలదొక్కుకుంటున్నాయి" అన్నది, ఇంకా ప్రశ్న కాలేదు, ఆసక్తి దగ్గరే ఆగిపోయింది. దాన్ని పట్టుకుని ఫీల్డ్‌వర్క్‌కు వెళితే వంద కథలతో తిరిగి వస్తారు గాని, వాటిలోంచి ఒక్క వాదన కూడా నిలబడదు. ఎవరి దృష్టిలో కళంకం, అది ఏ దారిగుండా కంపెనీ గుమ్మం దాటి లోపలికి వస్తుంది, వచ్చాక ఏ పనిని మారుస్తుంది అన్న మూడింటికీ మీ ప్రశ్నలో చోటు ఉండాలి. ఈ రంగాన్ని నీచమైనదిగా చూస్తూ మొదలుపెట్టినవారికీ, "ఇదీ ఒక మామూలు వ్యాపారమే" అని మొదలుపెట్టినవారికీ ఈ మూడు విషయాలు కనిపించవు. మొదటివారికి కంపెనీ కనిపించదు, రెండోవారికి కళంకం కనిపించదు.

పునాది గురించి కొద్దిగా చెప్పక తప్పదు. సమాజానికి కావలసిందే అయినా ఎవరూ తమ చేతికి అంటించుకోవడానికి ఇష్టపడని పనిని సమాజశాస్త్రవేత్త ఎవరెట్ హ్యూస్ 1950లలోనే "మురికి పని" అన్నారు. ఆ మురికి శారీరకమైనది కావచ్చు, సామాజికమైనది కావచ్చు, నైతికమైనది కావచ్చు. 1963లో ఎర్వింగ్ గాఫ్‌మన్ కళంకాన్ని వ్యక్తిలోని లక్షణంగా కాక, మనుషుల మధ్య సంబంధంగా చూడటం నేర్పారు. కళంకితుడి పక్కన నిలబడ్డవాడికి కూడా ఆ మచ్చ అంటుకుంటుందని చెప్పింది కూడా ఆయనే. ఆ మాటను గుర్తుపెట్టుకోండి, చివర్లో మీకూ నాకూ దానితో పని పడుతుంది. 1999లో యాష్‌ఫోర్త్, క్రైనర్ ఇద్దరూ మురికి పని చేసేవారు తమ పనికి గౌరవప్రదమైన అర్థాన్ని ఎలా కల్పించుకుంటారో, బయటి తిరస్కారం లోపలి ఐక్యతను ఎలా గట్టిపరుస్తుందో వివరించారు.

మీకు అసలు పనికొచ్చే విభజన మాత్రం 2008లో బ్రయంట్ హడ్సన్ చేసినది. ఒక చమురు కంపెనీ ఓడ పగిలి సముద్రం పాడైతే అంటుకునే మచ్చ ఒక ఘటన వల్ల వచ్చినది. క్షమాపణ చెప్పి, పరిహారం ఇచ్చి, అధిపతిని మార్చి కడుక్కోవచ్చు. పోర్న్ కంపెనీకి అలాంటి అవకాశం లేదు, ఎందుకంటే దాని ముఖ్యమైన పనే, అది రోజూ చేసేదే, అది బతికే ఆధారమే మచ్చకు కారణం. దాన్ని వదిలేస్తే కంపెనీయే ఉండదు. ఘటన వల్ల వచ్చే కళంకం గురించి రాసిన సిద్ధాంతాలను తెచ్చి ఇక్కడ అతికించడం కొత్త పరిశోధకులు చేసే మొదటి పొరపాటు. "పరువు నిర్వహణ" అనే పేరుతో వచ్చే సాహిత్యంలో ఎక్కువ భాగం మీకు అందుకే పనికిరాదు. మరుసటి ఏడాది హడ్సన్, ఓఖుయ్‌సెన్ కలిసి పురుషుల స్నానశాలల (పురుషులు పురుషులతో లైంగికంగా కలుసుకునే చోట్ల) మీద చేసిన అధ్యయనాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి. తమతో వ్యవహరించే సరఫరాదారులకూ వినియోగదారులకూ ఆ మచ్చ అంటకుండా ఆ సంస్థలు ఎంత శ్రమ పడతాయో అందులో ఉంది. కళంకాన్ని తాను మోయడం ఒక ఎత్తు, పక్కవాడికి అంటకుండా చూడటం మరో ఎత్తు. సంస్థకు ఖర్చయ్యేది ఎక్కువగా ఈ రెండో పనికే.

ఇక నా అసలు మాటకు వస్తాను. కళంకం మనుషుల మనసుల్లో ఉంటుందని అనుకుని, మనసులను అడగడానికి ఇంటర్వ్యూలకు పరుగెత్తకండి. సంస్థాగత పరిశోధకుడికి కళంకం కాగితాల మీద దొరుకుతుంది. బ్యాంకు పంపిన ఉత్తరంలో, అద్దె ఒప్పందంలోని ఒక క్లాజులో, బీమా నిరాకరణలో, కంపెనీ రిజిస్టర్ చేసుకున్న నీరసమైన పేరులో, కార్డు స్టేట్‌మెంట్ మీద పడే కొద్దిపాటి అక్షరాల వివరణలో అది తన చేతిరాతను వదిలిపెడుతుంది.

ఆ కొద్దిపాటి అక్షరాల సంగతే తీసుకోండి. అడల్ట్ సైటుకు డబ్బు కట్టినవారి స్టేట్‌మెంట్ మీద సాధారణంగా సైటు పేరు పడదు, ఏ అర్థమూ తట్టని ఒక పేరు పడుతుంది. కొనుగోలుదారుడి పరువు కాపాడటానికే ఆ ఏర్పాటు. కానీ నెలాఖరున భార్యో భర్తో ఆ స్టేట్‌మెంట్ చూసి "ఇదేమిటి" అని అడిగితే, చాలామంది "నాకు తెలియదు, ఎవరో నా కార్డు వాడారు" అంటారు. ఆ మాట బ్యాంకు దాకా వెళ్తే ఛార్జ్‌బ్యాక్ అవుతుంది, డబ్బు వెనక్కి పోతుంది. అలాంటి వాపసులు కార్డు సంస్థలు పెట్టిన పరిమితి దాటితే ఆ వ్యాపారి "అధిక రిస్కు" జాబితాలోకి వెళతాడు, కమీషన్ పెరుగుతుంది, డబ్బులో కొంత నెలల తరబడి నిలిపి ఉంచుతారు. ఒక ఇంట్లో ఒక మనిషికి కలిగిన సిగ్గు ఇన్ని మెట్లు దిగి ఒక కంపెనీ లెక్కల్లో శాతంగా మారుతుంది. బ్యాంకును అడిగితే "మాకు నీతితో సంబంధం లేదండీ, మేము చూసేది రిస్కు మాత్రమే" అంటుంది. ఆ మాట అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. నైతిక తిరస్కారం ఎక్కడ ఆగి, వాణిజ్య లెక్క ఎక్కడ మొదలవుతుందో విడదీసి చూపగలిగితే, అది ఒక థీసిస్‌కు సరిపోయే ప్రశ్న అవుతుంది.

నేను ఒకసారి అడల్ట్ సైట్లకు చెల్లింపులు నడిపించే ఒక కంపెనీలో లెక్కలు చూసే ఒక మహిళ ఎదుట కూర్చున్నాను. రెండు గంటలు మాట్లాడినా నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు. లేవబోతుంటే ఆమె బీరువా తెరిచి ఒక ఫైలు తీశారు. పదకొండేళ్లలో బ్యాంకులు ఖాతా మూసివేస్తున్నట్టు పంపిన ఉత్తరాలు తారీఖుల వారీగా అందులో ఉన్నాయి. అన్నీ మూడు నాలుగు వాక్యాలే, ఒక్కదానిలోనూ కారణం లేదు. పక్కనే పెన్సిలుతో ఆమె రాసుకున్నవి ఉన్నాయి: ఎన్ని రోజుల గడువు ఇచ్చారు, ఆ నెల జీతాలు ఏ ఖాతా నుంచి పోయాయి, కొత్త ఖాతా దొరకడానికి ఎన్నాళ్లు పట్టింది. నా పరిశోధన ఆ రోజు మొదలైంది. అంతకుముందు చేసిన పద్దెనిమిది ఇంటర్వ్యూల్లో నేను "మీ పని గురించి బయటివాళ్లు ఏమనుకుంటారు" అని అడుగుతూ కూర్చున్నాను.

ఇదే విషయాన్ని పెద్ద స్థాయిలో చూడాలంటే బహిరంగ రికార్డు కావలసినంత ఉంది. 2020 డిసెంబరులో ఒక అమెరికన్ పత్రికలో వచ్చిన వ్యాసం, పోర్న్‌హబ్‌లో మైనర్ల మీద, అంగీకారం లేని వ్యక్తుల మీద జరిగిన లైంగిక హింసకు సంబంధించిన వీడియోలు ఉన్నాయని చెప్పింది. కొద్ది రోజుల్లోనే వీసా, మాస్టర్‌కార్డ్ ఆ సైటులో తమ కార్డుల వినియోగాన్ని నిలిపివేశాయి, ఆ వెంటనే సైటు అప్‌లోడ్ చేసినవారి గుర్తింపు ధ్రువీకరించని వీడియోలను లక్షల సంఖ్యలో తీసేసింది. 2021 అక్టోబరు 15 నుంచి మాస్టర్‌కార్డ్ కొత్త నిబంధనలు అమలులోకి తెచ్చింది. వీడియోలో కనిపించే ప్రతి వ్యక్తి వయసు, గుర్తింపు, అంగీకారం పత్రరూపంలో ఉన్నాయని వ్యాపారి బ్యాంకుకు చూపగలగాలి. అదే ఏడాది ఆగస్టు 19న, చందాదారులకు సొంత వీడియోలు అమ్ముకునే వేదిక ఓన్లీఫ్యాన్స్ అశ్లీల దృశ్యాలను నిషేధిస్తున్నట్టు ప్రకటించి, ఆరు రోజులకే ఆ నిర్ణయాన్ని విరమించుకుంది; బ్యాంకుల వైఖరే కారణమని దాని అధిపతి చెప్పారు. పోర్న్‌హబ్ మాతృసంస్థ మైండ్‌గీక్ 2023 మార్చిలో కెనడాకు చెందిన ఒక పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లి, ఆగస్టులో పేరు మార్చుకుని ఐలో అయింది. ఈ తారీఖులన్నింటినీ ఒక వరుసలో పెట్టి చూస్తే, చట్టసభలు ఏళ్ల తరబడి చేయలేనిదాన్ని చెల్లింపుల కంపెనీలు వారాల్లో చేశాయని కనిపిస్తుంది. నియంత్రణాధికారం లేని సంస్థ నియంత్రకుడి పాత్రలోకి ఎలా వస్తుంది, ఆ కొత్త నిబంధనల వల్ల చిన్న స్టూడియోల్లో ఏ కొత్త ఉద్యోగాలు పుట్టాయి, ఏ పనులు కనుమరుగయ్యాయి అన్నవి ఇంకా తవ్వవలసిన విషయాలే.

చట్టం వల్ల పుట్టిన ఉద్యోగం గురించి ఒక మాట. అమెరికాలో 1988 నాటి చట్టం ప్రకారం నటీనటుల వయసు ధ్రువపత్రాలను నిర్మాత భద్రపరచాలి, అవి ఎక్కడ ఉన్నాయో, ఎవరి బాధ్యతలో ఉన్నాయో ప్రకటించాలి. అలా "రికార్డుల సంరక్షకుడు" అనే హోదా వచ్చింది. ఆ చట్టంలోని కొన్ని భాగాల మీద దశాబ్దాల పాటు వ్యాజ్యాలు నడిచాయి, కానీ ఆ హోదా మాత్రం పరిశ్రమలో పాతుకుపోయింది. నాకు తెలిసినంతలో ఈ రంగంలో ఇంతకంటే మంచి ఇంటర్వ్యూ మరొకటి ఉండదు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి చట్టమూ తెలుసు, షూటింగు షెడ్యూలూ తెలుసు, ఎవరి ఫైలులో ఏ కాగితం తక్కువైందో కూడా తెలుసు. అయినా ఇప్పటిదాకా వారిని పలకరించినవారు బహు తక్కువ.

పరిశ్రమ ఒకచోట ఎందుకు గుమిగూడిందన్నదానికీ ఇలాంటి కారణాలే ఉన్నాయి. కెమెరా ముందు నటించడానికి డబ్బు ఇవ్వడం వ్యభిచారానికి పురమాయించడం కిందికి రాదని 1988లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఫ్రీమన్ కేసులో తీర్పు చెప్పింది. లాస్ ఏంజెలెస్ పక్కనున్న శాన్ ఫెర్నాండో లోయలో స్టూడియోలు స్థిరపడటానికి హాలీవుడ్ సాంకేతిక నిపుణుల అందుబాటుతో పాటు ఈ తీర్పు ఇచ్చిన భరోసా కూడా కారణమే. 2012 నవంబరులో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఓటర్లు షూటింగుల్లో కండోమ్‌ను తప్పనిసరి చేశాక, అక్కడ షూటింగు అనుమతులకు దరఖాస్తులు బాగా పడిపోయాయి. ఇక్కడ తొందరపడి "షూటింగులు తగ్గాయి" అని రాస్తే మీ పేపరు అక్కడే చచ్చిపోతుంది. తగ్గింది దరఖాస్తులు. కొన్ని షూటింగులు వేరే చోట్లకు తరలిపోయాయి, కొన్ని దరఖాస్తు లేకుండానే జరిగి ఉండవచ్చు. కళంకం ఉన్న రంగంలో నియమం బిగిసినప్పుడు ముందుగా మారేది రికార్డు, ఆచరణ కాదు. ఆచరణ మారిందో లేదో వేరే ఆధారంతో తేల్చుకోవాలి.

అంకెల గురించి కూడా ఇదే జాగ్రత్త అవసరం. 1995లో అమెరికాలో ఒక డిగ్రీ విద్యార్థి చేసిన అధ్యయనాన్ని ఆధారం చేసుకుని, కొన్ని ఇంటర్నెట్ చర్చావేదికల్లోని బొమ్మల్లో 83.5 శాతం అశ్లీలమేనని టైమ్ పత్రిక ముఖచిత్ర కథనం వేసింది. వారాలు తిరక్కుండానే డోనా హాఫ్‌మన్, థామస్ నోవాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ లెక్కలోని లొసుగులను ఒక్కొక్కటిగా విప్పి చూపారు. 2001లో అమెరికా పోర్న్ పరిశ్రమ విలువ వెయ్యి నుంచి పద్నాలుగు వందల కోట్ల డాలర్లని ఒక ప్రముఖ పత్రిక రాస్తే, ఫోర్బ్స్ కూర్చుని కూడికలు వేసి అందులో చాలా భాగానికి ఆధారమే లేదని తేల్చింది. ఆ పాత అంకెలు ఇప్పటికీ పేపర్ల మొదటి పేరాల్లో తిరుగుతూనే ఉన్నాయి. పరిశ్రమకు పెద్ద అంకె కావాలి, ఎందుకంటే పెద్ద పరిశ్రమ గౌరవం అడగగలదు. వ్యతిరేకులకూ పెద్ద అంకే కావాలి, ఎందుకంటే పెద్ద ముప్పు జనాన్ని కదిలిస్తుంది. రెండు వైపులా ఒకే అబద్ధం అవసరమైనప్పుడు దాన్ని సరిచేసేవాడు ఉండడు. మీ ఉపోద్ఘాతంలో పరిశ్రమ పరిమాణం రాయకపోతే కొంపేమీ మునిగిపోదు.

నమ్మదగిన అంకెలు కావాలంటే స్టాక్ మార్కెట్‌లో నమోదైన కొద్ది కంపెనీల దాఖలాలు చూడండి. ప్లేబాయ్ 1971 నుంచి 2011 దాకా నమోదిత కంపెనీ. ఫ్రెండ్‌ఫైండర్ నెట్‌వర్క్స్ 2011లో షేర్లు జారీచేసి, 2013లో దివాలా రక్షణ కోరింది. మదుపరులకు చెప్పక తప్పని "రిస్కులు" అనే భాగంలో, ఇంటర్వ్యూలో ఎంత అడిగినా చెప్పని సంగతులు న్యాయవాదుల భాషలో వరుసగా ఉంటాయి: ఏ బ్యాంకు మీద ఎంత ఆధారపడ్డారు, ప్రకటనదారులు ఎందుకు దూరమయ్యారు, ఉద్యోగులు దొరకడం ఎందుకు కష్టమవుతోంది. పరిశ్రమ వార్తాపత్రిక ఏవీఎన్ 1983 నుంచి వస్తోంది. దాన్ని చదవండి గాని, పరిశ్రమ తనను తాను చూసుకునే అద్దంగానే చదవండి.

ఇక లోపలికి వెళ్లే దారి. అందరూ నేరుగా నటీమణుల దగ్గరికే వెళతారు, మీరు వెళ్లకండి, కనీసం మొదటి ఏడాది. పత్రికలవాళ్లూ డాక్యుమెంటరీలవాళ్లూ విద్యార్థులూ అడిగిందే అడిగి వారిని విసిగించారు. "ఈ పనిలోకి ఎలా వచ్చారు" అన్న ప్రశ్నకు వారి దగ్గర అరిగిపోయిన జవాబు సిద్ధంగా ఉంటుంది, అది మీకు అక్కర్లేదు. అకౌంటెంట్లు, న్యాయవాదులు, ఎడిటర్లు, సర్వర్లు చూసేవారు, వీడియోలను పరిశీలించే మోడరేటర్లు, కస్టమర్ సర్వీసులో ఫోన్లెత్తేవారు ఉన్నారు. వారిని ఎవరూ ఏమీ అడగలేదు, అడిగితే సంతోషంగా చెబుతారు. మొదటి ఉత్తరంలో ఆరు వాక్యాలకు మించి రాయకండి: మీరెవరు, ఏ పని గురించి తెలుసుకోవాలనుకుంటున్నారు, ఎంత సమయం పడుతుంది, పేర్లు ఎలా దాస్తారు. "నేను మిమ్మల్ని తప్పుగా చూడను" అని మాత్రం రాయకండి. చూడననడంలోనే చూసినట్టయింది.

లోపలికి వెళ్లాక ఎదురయ్యే ఇబ్బంది వేరు, అది తలుపు మూసి ఉన్నప్పటి ఇబ్బంది కంటే పెద్దది. వారు మిమ్మల్ని బాగా చూసుకుంటారు. యూనివర్సిటీ నుంచి వచ్చిన మనిషి తమ ఆఫీసులో కూర్చోవడమే వారికి ఒక గుర్తింపు. "చూశారుగా, మాదీ అందరిలాంటి ఆఫీసే" అని పదిమంది అంటారు, కాఫీ యంత్రాన్నీ సెలవుల చార్టునూ చూపిస్తారు. ఆ మాటను మీరు నోట్సులో రాసుకోవాలి, నిర్ధారణల్లో కాదు. మామూలుతనాన్ని ప్రదర్శించడం ఆ సంస్థ చేసే పనుల్లో ఒకటి. ఈ పరిశ్రమ మీద ఫీల్డ్‌వర్క్ చేసిన జార్జినా వాస్ 2015లో వెలువరించిన పుస్తకం, కళంకం ఈ పరిశ్రమ రూపాన్నే ఎలా మలిచిందో చర్చించింది. మీ సాహిత్య సమీక్షలో దానికి పెద్ద చోటు ఇవ్వండి.

సంస్థాగత దృష్టి హానిని చప్పగా చేస్తుందని కొందరు రివ్యూయర్లు అంటారు. ఆ భయం నిరాధారం కాదు. కంపెనీ, వ్యూహం, వనరులు అని రాస్తూ పోతే, అందులో నలిగిన మనిషి కనిపించకుండా పోవచ్చు. కానీ ఈ దృష్టిని సరిగా వాడితే హాని మరింత స్పష్టంగా కనిపిస్తుందని నేను నమ్ముతాను. 2020 జనవరిలో శాన్ డియేగో కోర్టు ఒక పోర్న్ వెబ్‌సైటు నిర్వాహకులు 22 మంది మహిళలకు కోటీ 27 లక్షల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును సంస్థాగత పరిశోధకుడి కళ్లతో చదవండి. మోడలింగ్ ప్రకటనతో పిలిచారు. వీడియోలు ఇంటర్నెట్‌లోకి రావని, దూరదేశంలో డీవీడీలుగానే అమ్ముడవుతాయని నమ్మించారు. ఆ మాటకు సాక్ష్యం చెప్పడానికి డబ్బిచ్చి వేరే యువతులను పెట్టుకున్నారు. సైటు పేరు ఎక్కడా లేని ఒప్పంద పత్రాన్ని, చదివే తీరిక ఇవ్వకుండా సంతకానికి పెట్టారు. ఇది ఒక దుర్మార్గుడు ఆవేశంలో చేసిన పని కాదు. నియామకం, శిక్షణ, పత్రాలు, పని విభజన అన్నీ ఉన్న వ్యవస్థ. మోసాన్ని ఎలా నిర్వహించారన్నది నిర్వహణ శాస్త్రం అడగవలసిన ప్రశ్న కాకపోతే మరెవరు అడుగుతారు?

నైతిక సమీక్ష విషయంలో కమిటీ మీకంటే ఎక్కువ భయపడుతుంది, అయితే భయపడవలసిన చోట కాదు. నా దరఖాస్తు వెనక్కి వచ్చినప్పుడు దాని మీద ఉన్న ఏకైక ప్రశ్న "పరిశోధకుడు ఆ చిత్రాలు చూడవలసి వస్తుందా" అని. చూడనవసరం లేదని, చెల్లింపుల మీద పనికి కాంట్రాక్టులు చాలని రాసి పంపాను, వెంటనే అనుమతి వచ్చింది. వారు అడగనివాటి జాబితా పెద్దది. గుర్తింపు ఎలా దాస్తారన్నది అన్నిటికంటే ముఖ్యం. 2011లో ఒక వెబ్‌సైట్ వేలాది నటీనటుల అసలు పేర్లను బయటపెట్టింది.  ఈ రంగంలో అసలు పేరు కంటే ప్రమాదకరమైన సమాచారం లేదు. కాబట్టి సంతకం చేసిన అంగీకార పత్రం అడగకండి, సంతకమే ఒక పేరు. నోటిమాట అంగీకారాన్ని కమిటీ చేత ఒప్పించండి. చిన్న పరిశ్రమలో "2016లో చేరిన కంప్లయన్స్ అధికారిణి" అని రాస్తే లోపలివారందరికీ ఆవిడెవరో తెలిసిపోతుంది, పేరు మార్చి లాభం లేదు. రికార్డింగులను రాతలోకి ఎక్కించే సహాయకులకు కూడా ముందే విషయం చెప్పి, వారికి ఇష్టమైతేనే ఇవ్వండి.

ఇంకొకటి కఠినంగానే చెబుతున్నాను. సైట్ల నుంచి వీడియోలనూ బొమ్మలనూ ప్రోగ్రాము రాసి మూకుమ్మడిగా దించుకోకండి. అందులో మైనర్లకు సంబంధించినది ఒక్కటి ఉన్నా, దాన్ని దగ్గర ఉంచుకోవడమే చాలా దేశాల్లో తీవ్రమైన నేరం, "పరిశోధన కోసం" అనేది కవచం కాదు. అక్షరాలు, ధరలు, నిబంధనల పేజీలు చాలు. రహస్యంగా చేరిపోయి గమనించడమనే ఆలోచన కూడా వదిలేయండి. సమాజశాస్త్రవేత్త లాడ్ హంఫ్రీస్ 1960లలో బహిరంగ మరుగుదొడ్లలో కలుసుకునే పురుషులను గమనించి, కారు నంబర్ల ద్వారా చిరునామాలు పట్టుకుని, వేషం మార్చి వారి ఇళ్లకు వెళ్లి సర్వే చేశాడు. ఆయన నిర్ధారణలు చాలా విలువైనవి. అయినా యాభై ఏళ్లుగా ఆ అధ్యయనం మోసం ఎందుకు కూడదో చెప్పే పాఠంగానే మిగిలింది.

ఉద్యోగం సంగతి. గాఫ్‌మన్ చెప్పిన పక్కవాడి మచ్చ ఇక్కడ మీ వంతుకు వస్తుంది. మనుషుల లైంగిక ప్రవర్తన మీద ఆల్‌ఫ్రెడ్ కిన్సే చేసిన పరిశోధనలకు రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇస్తున్న నిధులు రాజకీయ ఒత్తిడి మధ్య 1954లో ఆగిపోయాయి. 2003లో లైంగిక విషయాలకు చెందిన, అప్పటికే మంజూరైన కొన్ని ఆరోగ్య పరిశోధనల నిధులు రద్దు చేయాలన్న సవరణ అమెరికా ప్రతినిధుల సభలో 210–212 ఓట్లతో, రెండంటే రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది. 2014లో జానిస్ ఇర్విన్, లైంగికత మీద పరిశోధనే సమాజశాస్త్రంలో ఒక మురికి పనిగా మారిందని రాశారు. అదే ఏడాది పోర్న్ అధ్యయనాలకు ప్రత్యేకంగా ఒక జర్నల్ మొదలైంది. దానిలో రాయండి, కానీ దానిలోనే రాయకండి. ఉద్యోగం ఇచ్చేవారు మేనేజ్‌మెంట్ జర్నళ్లను చూస్తారు.

అందుకే నా సలహా, ఈ ఒక్క పరిశ్రమనే కాక మరో కళంకిత రంగాన్ని పక్కన పెట్టి పోల్చండి. జీన్‌ఫిలిప్ వెర్న్ 1996–2007 మధ్య ఆయుధాల పరిశ్రమను తీసుకుని, ఇతర రంగాల్లోనూ కాలు పెట్టిన కంపెనీల మీద నింద ఎలా పలచబడుతుందో 2012లో చూపారు. హెల్మ్స్, ప్యాటర్సన్ 2014లో పంజరంలో కొట్టుకునే మిశ్రమ యుద్ధక్రీడల సంస్థలు తమ మీద పడ్డ నిందనే ప్రేక్షకులను రప్పించే సాధనంగా వాడుకున్నాయన్నారు. లాష్లీ, పొలాక్ 2020లో వైద్య గంజాయి దుకాణాలను తీసుకున్నారు. వీటిలో ఏదీ పక్కనుంటే మీ థీసిస్ "పోర్న్ గురించినది" కాక "కళంకం గురించినది" అవుతుంది. ఇది పేరు మార్చి తప్పించుకోవడం కాదు. ఆయుధాల కంపెనీకి బ్యాంకు ఖాతా దొరికినంత సులువుగా పోర్న్ స్టూడియోకు దొరుకుతుందా, లేకపోతే ఎందుకు దొరకదన్న ప్రశ్న ఒక్క రంగాన్నే చూస్తే పుట్టదు. మీ గైడ్ వెనకాడటానికి సిగ్గే కారణమనుకోకండి, బహుశా ఈ పోలిక మీ ప్రతిపాదనలో లేకపోవడం కారణం కావచ్చు. ఆ ఒక్క పేజీ మార్చి మళ్లీ చూపించండి. అయినా ఒప్పుకోకపోతే గైడ్‌ను మార్చుకోవడం గురించి ఆలోచించండి, ఎందుకంటే మొదటి రివ్యూయర్ చిరాకుపడిన రోజు మీ పక్కన నిలబడవలసింది వారే.

చివరగా ఇంట్లో ఏమని చెప్పాలన్నారు. నేను ఆరేళ్లు "కార్డు చెల్లింపుల మీద పనిచేస్తున్నాను" అనే చెప్పాను. అందులో అబద్ధం లేదు. ఐదో ఏడాదిలో, ఆ ఫైలు చూపించిన మహిళను రెండోసారి కలిసినప్పుడు, మీ అత్తగారింట్లో ఈ ఉద్యోగం గురించి ఏమని చెబుతారని మాటల మధ్యలో అడిగాను. "కార్డు చెల్లింపుల కంపెనీ అని చెబుతానండీ" అన్నారావిడ. బయటికొచ్చి, కారులో కూర్చుని, తారీఖు వేసి ఆ రెండు జవాబులనూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. నా థీసిస్ మెథడ్స్ అధ్యాయం ఆ పేజీతోనే మొదలవుతుంది.